నార్వే ప్రయాణానికి ముహూర్తం



ఈమధ్య మనవాళ్ళలో యూరప్ ప్రయాణాల సందడి బాగా పెరిగింది. పారిస్, స్విట్జర్లాండ్ చూసేసినవాళ్ళు ఇప్పుడు ఇంకాస్త పైకి, ఉత్తరానికి చూస్తున్నారు. అందులోనూ నార్వే అంటే మోజు ఎక్కువ. కొందరికి అర్ధరాత్రి సూర్యుణ్ణి చూడాలని కోరిక, కొందరికి ఆకాశంలో పచ్చగా ఆడే ధ్రువకాంతుల మీద మనసు. ఓస్లోలోనో, స్టవాంగర్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లల దగ్గర నెలరోజులు ఉండి రావాలనుకునే అమ్మానాన్నలు మరికొందరు. ఎవరు ఎందుకు వెళ్ళినా బయల్దేరేముందు చూపించే జాబితా మాత్రం ఇంచుమించు ఒకటే. ఓస్లో, బెర్గెన్, ఫ్యోర్డులు, లోఫోటెన్ దీవులు, ట్రోమ్సో, ఆఖర్న నార్త్ కేప్. వీలైతే తిరుగు ప్రయాణంలో స్టాక్‌హోమ్, కోపెన్‌హాగెన్ కూడా. మొత్తం పది రోజులు. "సరిపోతాయంటారా?" అని అడుగుతారు.

సరిపోవు. ఆ మాట మొదట్లోనే చెప్పేస్తే తర్వాత హాయిగా మాట్లాడుకోవచ్చు. నార్వే ప్లానులో కష్టమైన పని వదులుకోవడమే. ఏ ఊళ్ళు వదిలెయ్యాలో తేలిపోతే మిగతావాటికి నాలుగు రోజులు కూర్చుంటే చాలు.

అట్లాసులో ఆ దేశం సన్నగా, స్వీడన్ భుజానికి ఆనుకుని కనిపిస్తుంది. దాని పొడవు మాత్రం కాగితం మీద అందదు. దక్షిణపు కొసన లిండెస్నెస్ అనే దీపస్తంభం ఉంది. అక్కడ కారెక్కి ఉత్తరాన నార్త్ కేప్‌కి వెళ్ళాలంటే రోడ్డు 2,518 కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపినా విస్తీర్ణంలో నార్వే కంటే చిన్నవే. అంత దేశంలో జనం మాత్రం యాభై ఆరు లక్షలు. ఒక్క హైదరాబాదులోనే అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. జనం పలచన, కొండలు దట్టం కాబట్టి రైలుమార్గాలూ తక్కువే. ఉత్తరానికి పోయే పట్టాలు బూడో అనే ఊరిదాకా వెళ్ళి ఆగిపోతాయి. ట్రోమ్సోకి రైలు లేదు. ఓస్లో నుంచి విమానమెక్కితే దాదాపు రెండు గంటలు. అందుకే దక్షిణమూ ఉత్తరమూ రెండు వేరు వేరు దేశాలన్నట్టు చూసుకోవడం మేలు. వారం, పదిరోజులు చేతిలో ఉంటే ఒకటే పెట్టుకోవాలి.

అయితే ఊళ్ళకంటే ముందు తేల్చుకోవలసింది నెల. మనకి ప్రయాణమంటే పిల్లల సెలవులు, ఆఫీసులో లీవు, ఆపైన మంచిరోజు. నార్వేకి వీటితోపాటు వెలుతురు లెక్క కూడా చూడాలి. హైదరాబాదులో జూన్ నెల పగటికీ డిసెంబరు పగటికీ తేడా రెండు గంటలు. ఆ తేడాని మనం పెద్దగా పట్టించుకోం. ఓస్లోలో జూన్ మూడోవారంలో తెల్లవారుజామున నాలుగు గంటలకే సూర్యోదయం. అస్తమయం రాత్రి పదిన్నర దాటాక. అంటే దాదాపు పందొమ్మిది గంటల పగలు. అదే డిసెంబరులో ఉదయం తొమ్మిది దాటితే గాని తెల్లవారదు, మధ్యాహ్నం మూడుంబావుకి పొద్దుగూకుతుంది. మొత్తం పగలు ఆరు గంటలు కూడా లేదు. ఇక ధ్రువవృత్తానికి పైనున్న ట్రోమ్సోలో మే 20 ప్రాంతం నుంచి జూలై 22 దాకా సూర్యుడు అస్తమించడు. నవంబరు 27 ప్రాంతం నుంచి జనవరి 15 దాకా అసలు ఉదయించడు. అలాగని ఆ రోజుల్లో కటిక చీకటి ఉంటుందనుకోవద్దు. మధ్యాహ్నం పూట రెండు మూడు గంటలు మంచుమీద నీలంగా ఒక వెలుగు పరుచుకుంటుంది. ఫోటోలు తీసేవాళ్ళు ఆ వెలుగు కోసమే జనవరిలో వెళతారు.

దీన్నిబట్టి ఒక సంగతి తేలిపోతోంది. అర్ధరాత్రి సూర్యుడు, ధ్రువకాంతులు ఒకే ప్రయాణంలో దొరకవు. ధ్రువకాంతులు జూన్‌లో కూడా ఆకాశంలో ఉంటాయి గాని, కనబడాలంటే చీకటి పడాలి కదా. ఉత్తర నార్వేలో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్యదాకా ఆకాశం పూర్తిగా చీకటి పడదు. ఈ మాట చెబితే చాలామంది ముఖాలు చిన్నబోతాయి. ఒక పెద్దాయన మాత్రం నొచ్చుకోలేదు గాని ఇంకో సందేహం అడిగారు. సూర్యుడు అస్తమించని ఊళ్ళో సాయంసంధ్య ఎప్పుడు వార్చాలి అని. నా దగ్గర సమాధానం లేదు. గడియారం చూసుకుని కానిచ్చెయ్యండి అన్నాను. ఆయనకి నచ్చినట్టు లేదు.

ఎండాకాలంలో వెళ్ళేవాళ్ళు కళ్ళకి గంతలాంటి ఐ మాస్క్ ఒకటి పెట్టుకోండి. రాత్రి పదకొండుకి కూడా కిటికీలోంచి వెలుతురు పడుతుంటే, ఇంకా సాయంత్రమే అనుకుని తిరుగుతూనే ఉంటాం. రెండు రోజులు అలా గడిచాక మూడోరోజు మధ్యాహ్నం రైల్లో, అసలు చూడాల్సిన చోట నిద్ర ముంచుకొస్తుంది.

మరి ఏ నెల మంచిది? నన్నడిగితే, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మే చివరినుంచి జూన్ మధ్యదాకా దక్షిణ నార్వే. కొండలమీద ఇంకా మంచు ఉంటుంది, ఆ మంచు కరిగి జలపాతాలన్నీ పోటెత్తుతుంటాయి. రద్దీ అప్పటికింకా తారస్థాయికి చేరదు. మే మధ్యలో అయితే హార్డాంగర్ ఫ్యోర్డు గట్లమీద ఆపిల్, చెర్రీ తోటలు పూతమీదుంటాయి. జూలైలో ఆ దేశమంతా సెలవులో ఉంటుంది కాబట్టి గదుల అద్దెలు చుక్కలనంటుతాయి. కొండలెక్కే అలవాటున్నవాళ్ళకి మాత్రం జూలై, ఆగస్టులే సరైన కాలం. అంతకుముందు ఎత్తయిన దారులన్నీ మంచుకింద ఉంటాయి. ధ్రువకాంతులకైతే సెప్టెంబరు చివరినుంచి మార్చి చివరిదాకా. అందులో సెప్టెంబరు, మార్చి మనలాంటి ఉష్ణదేశం వాళ్ళకి భరించగలిగిన చలి.

సరే, దక్షిణం పెట్టుకున్నామనుకుందాం. అప్పుడు ప్రయాణానికి వెన్నెముక ఓస్లో - బెర్గెన్ రైలు. 1909లో ప్రారంభమైన మార్గమది. సుమారు అయిదువందల కిలోమీటర్లు, ఆరున్నర ఏడు గంటలు. మనవాళ్ళు ఏడు గంటల రైలు అనగానే విమానంలో గంటే కదా అంటారు. ఆ పొరపాటు చెయ్యొద్దు. ఆ రైలెక్కడానికే నార్వే వెళ్ళాలని నా అభిప్రాయం. బెర్గెన్‌కి వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ సీటు దొరికితే మంచిది. ఓస్లో వదిలాక పొలాలు, ఎర్రరంగు చెక్క ఇళ్ళు, స్ప్రూస్, పైన్ అడవులు, వాటి మధ్య చెరువులు. మూడు గంటలు గడిచాక చెట్లు పొట్టివవుతాయి, ఇంకాసేపటికి చెట్లే ఉండవు. 1,222 మీటర్ల ఎత్తున ఫిన్సే స్టేషను వస్తుంది. ఆ ఊరికి మామూలు రోడ్డు లేదు, రైలొక్కటే దారి. జూన్‌లో కూడా ప్లాట్‌ఫాం పక్కన మంచు కుప్పలుంటాయి. ఓస్లోలో చొక్కామీద రైలెక్కినవాళ్ళు తలుపు దగ్గరికి వెళ్ళి ఒక్క ఫోటో తీసుకుని పరుగున లోపలికి వచ్చేస్తారు. ఎడమవైపు హార్డాంగర్ హిమానీనదం తెల్లగా, కొండ నెత్తిన బోర్లించినట్టు కనబడుతుంది.

ఈ రైలుకి సంబంధించి రేడియోవాళ్ళకీ టీవీవాళ్ళకీ ఆసక్తి కలిగించే ముచ్చట ఒకటుంది. మార్గానికి నూరేళ్ళు నిండిన 2009లో నార్వే ప్రభుత్వ ప్రసారసంస్థ ఎన్.ఆర్.కె. రైలు ముందు కెమెరా పెట్టి బెర్గెన్ నుంచి ఓస్లోదాకా ప్రయాణం మొత్తాన్ని ఏడు గంటలకి పైగా టీవీలో వేసింది. కథ లేదు, కొట్లాట లేదు. పట్టాలు, సొరంగాలు, మంచు. పది లక్షలమందికి పైగా అందులో కొంతభాగమైనా చూశారు. 2011లో ఇంకా తెగించి తీరంవెంట వెళ్ళే ఓడని 134 గంటలపాటు ఏకబిగిన ప్రత్యక్ష ప్రసారం చేసింది. జనం తమ ఊరి రేవులో జెండాలు పట్టుకుని నిలబడి ఓడకి చేతులూపారు. రైలు కార్యక్రమం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. టికెట్టు కొనేముందు ఒక గంట చూడండి. అది విసుగనిపిస్తే మీరు వెళ్ళాల్సింది నార్వేకి కాదు. దుబాయ్ దగ్గర, ఖర్చూ తక్కువ.

ఫిన్సే దాటాక మిర్డాల్ అనే స్టేషనులో రైలు దిగి ఫ్లోమ్ రైలెక్కాలి. అది ఇరవై కిలోమీటర్ల చిన్న దారి. ఆ ఇరవై కిలోమీటర్లలోనే 860 మీటర్లకి పైగా దిగి సముద్రమట్టానికి చేరుతుంది. ఇరవై సొరంగాలు. వాటిలో పద్దెనిమిది మనుషులు చేత్తో తొలిచినవి. ఒక మీటరు తొలవడానికి ఒక్కోసారి నెల పట్టేదట. 1920లలో మొదలుపెడితే 1940లో రైలు నడిచింది. ఒక సొరంగంలోకి వెళ్ళిన రైలు కొండ కడుపులోనే వెనక్కి మళ్ళి వేరే అంచున బయటికొస్తుంది. కిటికీలోంచి చూస్తే మనం ఇందాక వచ్చిన పట్టాలు నెత్తిమీద కనబడతాయి. దారిలో ఒక జలపాతం దగ్గర అయిదు నిమిషాలు ఆపుతారు. ఎండాకాలంలో అక్కడ బండలమీద ఎర్ర బట్టలు కట్టుకున్న అమ్మాయి పాటకి నాట్యం చేస్తూ కనబడి మాయమవుతుంది. అడవిమోహిని వేషమన్నమాట. నాకది కాస్త జాతర సరదాగా అనిపించింది గాని పిల్లలకి బాగా నచ్చుతుంది. ముఖంమీద కొట్టే జలపాతం తుంపర మాత్రం వేషం కాదు. ఫోను జాగ్రత్త.

కింద ఫ్లోమ్ రేవులో పడవ. గుడ్వాంగెన్ దాకా రెండు గంటలు. ఇప్పుడు కరెంటు బ్యాటరీలతో నడిచే పడవలున్నాయి కాబట్టి ఇంజను చప్పుడు ఉండదు. ఈ దారి నేరోయ్ ఫ్యోర్డు గుండా పోతుంది. 2005లో యునెస్కో గుర్తించిన చోటు. ఫ్యోర్డు అంటే వేల ఏళ్ళు మంచునదులు కొండల్ని కోసి చేసిన లోయ. మంచు కరిగాక సముద్రం లోపలికి వచ్చింది. నేరోయ్ ఇరుకైన చోట నీటి వెడల్పు 250 మీటర్లే. రెండు పక్కలా కొండలు నిటారుగా వెయ్యి మీటర్లు దాటి లేస్తాయి. ఇది పెద్దదైన సోగ్నె ఫ్యోర్డుకి కొమ్మలో కొమ్మ. సోగ్నె పొడవు 200 కిలోమీటర్ల పైమాట, అత్యంత లోతైన చోట 1,300 మీటర్లు.  గుడ్వాంగెన్ నుంచి బస్సు, మళ్ళీ రైలు, బెర్గెన్. ఇదంతా కలిపి ఒకే ప్యాకేజీగా అమ్ముతారు. అదే రైలు, అదే పడవ, అదే బస్సు. టికెట్లు ఎవరికివారు ముందుగా విడివిడిగా కొనుక్కుంటే కొంత మిగులుతుంది. రైలు టికెట్లకి తేదీ దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. నా సలహా ఏమిటంటే ఇదంతా ఒక్కరోజులో పరుగెత్తకుండా ఫ్లోమ్‌లోగాని, పక్కనున్న ఆవుర్లాండ్‌లోగాని ఒక రాత్రి ఆగండి. సాయంత్రం పెద్ద ఓడలవాళ్ళంతా వెళ్ళిపోయాక ఆ లోయ తన మానాన తానుంటుంది.

బెర్గెన్‌లో ఏడాదికి రెండువందల రోజులకి పైగా వాన. గొడుగు తీసుకెళ్ళకండి. సముద్రపు గాలికి అది తిరగబడుతుంది, ఊళ్ళో చెత్తబుట్టల్లో విరిగిన గొడుగులు మీకే కనబడతాయి. టోపీ ఉన్న రెయిన్‌కోటు, నీరు పట్టని బూట్లు కావాలి. రేవు ఒడ్డున బ్రిగ్గెన్ అనే చెక్కమేడల వరుస ఉంది. ఒకప్పుడు జర్మన్ వర్తకులు ఎండుచేపల వ్యాపారం చేసిన కొట్లు. 1702లో కాలిపోతే మళ్ళీ పాత పద్ధతిలోనే కట్టారు. ఒకదానిమీద ఒకటి వాలి నిలబడ్డట్టు ఉంటాయి. ఇక ఓస్లో సంగతి తొందరగా చెప్పేస్తాను. రెండు రోజులు చాలు. వీగెలాన్ శిల్పాల తోట, పైకప్పుమీద నడవగల ఒపేరా భవనం, మునక్ చిత్రాల మ్యూజియం, ఏటా డిసెంబరు 10న నోబెల్ శాంతి బహుమతి ఇచ్చే సిటీ హాలు. 2014లో మన కైలాష్ సత్యార్థి ఆ బహుమతి అందుకున్నది అక్కడే. వైకింగ్ ఓడల మ్యూజియం చాలాకాలంగా పునర్నిర్మాణంలో ఉంది. దానికోసమే వెళ్ళేవాళ్ళు తెరిచారో లేదో ముందు కనుక్కోండి.

ఉత్తరం పెట్టుకున్నవాళ్ళకి రెండు మాటలు. ధ్రువకాంతులు సినిమా ఆట కాదు, టికెట్టు కొన్నంత మాత్రాన తెర లేవదు. సూర్యుడినుంచి వచ్చే విద్యుత్కణాలు నూరు కిలోమీటర్ల పైయెత్తున గాలిలోని ఆక్సిజన్‌ని తాకితే ఆ పచ్చటి వెలుగు పుడుతుంది. అది పుట్టినా మధ్యలో మబ్బు ఉంటే మనకి కనబడదు. ట్రోమ్సోలో గైడ్లు సాయంత్రం వాతావరణ పటాలు చూసుకుని మబ్బులేని చోటు వెతుక్కుంటూ వ్యాన్లు తోలుతారు. ఒక్కోసారి ఫిన్లాండ్ సరిహద్దుదాకా పోతారు. కాబట్టి కనీసం నాలుగు రాత్రులు పెట్టుకోండి. ఒక్క రాత్రి పెట్టుకుని వెళ్ళడం జూదం. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఫోటోల్లో ఉన్నంత పచ్చదనం కంటికి చాలాసార్లు ఉండదు. మొదట బూడిదరంగు మబ్బుతునకలా ఉంటుంది. కెమెరాకి పచ్చగా కనబడుతుంది. బలంగా వచ్చిన రాత్రి మాత్రం ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

లోఫోటెన్ దీవులకి ఫిబ్రవరినుంచి మే మధ్యలో వెళితే ఊరూరా చెక్కదూలాల పందిళ్ళమీద కాడ్ చేపలు జతలు జతలుగా వేలాడుతుంటాయి. ఉప్పు వెయ్యరు. చలిగాలికే ఎండుతాయి. ఎండిన చేపలు ఇటలీకి, తలకాయలు నైజీరియాకి వెళతాయి. కాకినాడ, మచిలీపట్నం వైపువాళ్ళకి ఆ వాసన కొత్తేమీ కాదు.

ఇక కాగితాల పని. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు. చేరడానికి 1972లోనూ 1994లోనూ జనం ఓటేసి వద్దన్నారు. అయినా షెంగెన్ వీసా ఒప్పందంలో ఉంది. అంటే స్వీడన్, డెన్మార్క్‌లకి కూడా ఆ వీసా పనికొస్తుంది. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే దరఖాస్తు చెయ్యాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. అపాయింట్‌మెంట్ ఎక్కడ త్వరగా దొరికితే అక్కడ పెట్టేద్దామనే చిట్కాలు వినకండి, తర్వాత ప్రశ్నలొస్తాయి. ప్రయాణానికి ఆరునెలల ముందునుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనీసం పదిహేను రోజుల ముందైనా పెట్టాలి. ఎండాకాలం రద్దీలో ఆ పదిహేను రోజుల్ని నమ్ముకోవద్దు, మూడునెలల ముందే కదలండి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి రుసుము 90 యూరోలు. ముప్పైవేల యూరోలకి తగ్గని ప్రయాణ బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు తిరిగొచ్చే తేదీ తర్వాత మూడునెలలైనా చెల్లాలి. వీసా చేతికి రాకముందు డబ్బు వెనక్కిరాని టికెట్లు కొనకండి. పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు, ఆహ్వానపత్రంతోపాటు మళ్ళీ మన ఊరికి తిరిగొస్తామని నమ్మించే కాగితాలు కూడా జత చెయ్యాలి. పెన్షను పుస్తకం, ఇంటి పన్ను రసీదు, ఇలాంటివి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళితే ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే అయిపోతుంది. విమానం మారడానికి గంట వ్యవధి ఉన్న టికెట్టు చవగ్గా ఉన్నా తీసుకోకండి.

వీసాలోనే ఒక మెలిక. నార్వేకి ఉత్తరాన సముద్రంలో స్వాల్‌బార్డ్ దీవులున్నాయి. అవి నార్వేవే గాని షెంగెన్‌లో లేవు. అక్కడికి వెళ్ళి తిరిగి ఓస్లో వచ్చామంటే షెంగెన్‌లోకి రెండోసారి ప్రవేశించినట్టు లెక్క. ఒకే ప్రవేశం ఉన్న వీసాతో వెళితే వెనక్కి రానివ్వరు. మన దేశానికి అక్కడ 2008 నుంచి 'హిమాద్రి' అనే పరిశోధన కేంద్రం ఉంది. ఆ పేరు విని ఉత్సాహపడేవాళ్ళు డబుల్ ఎంట్రీ అడగడం మరిచిపోకండి.

డబ్బు మాట మాట్లాడకుండా నార్వే గురించి చెప్పడం కుదరదు. అక్కడి నాణెం క్రోన్. స్వీడన్‌దీ డెన్మార్క్‌దీ కూడా దాదాపు అదే పేరే గాని మూడూ వేరు, ఒకచోటిది ఇంకోచోట చెల్లదు. నార్వే క్రోన్ మన రూపాయల్లో ఎనిమిది, తొమ్మిది చుట్టూ తిరుగుతుంటుంది. కప్పు కాఫీ నలభై, యాభై క్రోన్లు. లెక్క వేసుకుంటే ఆ కాఫీ చల్లారిపోతుంది, కాబట్టి తాగేటప్పుడు లెక్క వెయ్యొద్దు. నోట్లు మోసుకెళ్ళనక్కర్లేదు. రోడ్డుపక్క మరుగుదొడ్డికి కూడా కార్డే గీకుతారు. విమానాశ్రయం నుంచి ఓస్లోకి రెండు రకాల రైళ్ళున్నాయి. ఎక్స్‌ప్రెస్‌కీ మామూలు రైలుకీ నాలుగైదు నిమిషాలే తేడా. ధర తేడా మాత్రం బాగానే ఉంటుంది. మామూలు రైలే ఎక్కండి. నీళ్ళ సీసాలు కొనకండి, కుళాయి నీళ్ళు శుభ్రంగా తాగొచ్చు. సీసా కొంటే రెండో మూడో క్రోన్లు డిపాజిట్టు కలుపుతారు. ఖాళీ సీసాని ఏ కిరాణాకొట్టులోనైనా మిషన్లో వేస్తే రసీదు వస్తుంది, ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తారు.

హోటలు భోజనం పూటపూటా చేస్తే సొమ్ము ఇట్టే కరిగిపోతుంది. వంటగది ఉన్న గది తీసుకోండి. అక్కడివాళ్ళే మధ్యాహ్నానికి ఇంటినుంచి మూట కట్టుకెళతారు. రైల్లో నా ఎదురు సీట్లో ఒకావిడ తన మధ్యాహ్న భోజనం విప్పింది. మూడు ముతక రొట్టె ముక్కలు, మీద బెల్లం రంగు చీజ్ పలచటి రేకులు, ముక్కకీ ముక్కకీ మధ్య చతురస్రంగా కత్తిరించిన నూనెకాగితం. తినడం అయ్యాక కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంది. మంత్రిగారైనా గుమాస్తా అయినా అదే భోజనం. కాబట్టి అక్కడ మన పులిహోర పొట్లం విప్పడానికి మొహమాటపడక్కర్లేదు.

అయితే ఇంటినుంచి ఏం తీసుకెళ్ళొచ్చో చూసుకోవాలి. యూరప్ ఆర్థిక ప్రాంతానికి బయటి దేశాల మాంసం, పాల పదార్థాలు సామానులో తీసుకురానివ్వరు. చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి మధ్య తేడా కస్టమ్స్‌వాళ్ళతో వాదించే ఓపిక ఉంటే తప్ప రెండూ మానెయ్యండి. నెయ్యి సీసా, పాలకోవా కూడా అంతే. ఆవకాయ, గోంగూర, కందిపొడి, చింతపండు హాయిగా పెట్టుకోండి. నూనె కారకుండా మూడు కవర్లు చుట్టడం మీకు నేను చెప్పాలా? అల్యూమినియం కుక్కర్ మోయకండి, చాలాచోట్ల ఇండక్షన్ పొయ్యిలే, వాటిమీద అది వేడెక్కదు. ఇంకొకటి. గదిలో ఎండుమిరపకాయల తాలింపు వేసేముందు పైన పొగని పసిగట్టే పరికరం ఎక్కడుందో చూడండి. అది మోగితే అంతస్తు మొత్తం మెట్లు దిగాలి, కొన్నిచోట్ల ఖర్చు కూడా మీ ఖాతాలో రాస్తారు. బియ్యం, పప్పులు, మసాలాలు ఓస్లోలో గ్రోన్‌లాండ్ పేటలో దొరుకుతాయి. ఆదివారం పెద్ద కొట్లన్నీ మూత. శనివారం సాయంత్రానికే సరుకులు తెచ్చుకోవాలి. మన మూడు లావు పిన్నుల ప్లగ్గు అక్కడ దూరదు, ఒక అడాప్టరు తప్పదు.

కొండలెక్కే సరదా ఉన్నవాళ్ళకి ఆ దేశం స్వర్గం. 1957లో చేసిన చట్టం ప్రకారం సాగులో లేని భూమిమీద ఎవరైనా నడవొచ్చు, ఇళ్ళకి కనీసం 150 మీటర్ల దూరంలో గుడారం వేసుకోవచ్చు. 604 మీటర్ల ఎత్తున సముద్రంమీదికి చొచ్చుకొచ్చిన ప్రైకెస్టోలెన్ బండకి కంచె లేదు, కమ్మీ లేదు. పెట్టరు కూడా. జాగ్రత్త మీదే. 1967 ఈస్టర్ సెలవుల్లో పద్దెనిమిదిమంది చనిపోయాక కొండల్లో మసలుకునే తొమ్మిది నియమాలు దేశమంతా ప్రచారంలోకి వచ్చాయి. వేళ మించకముందే వెనక్కి తిరగమనీ, తిరిగితే తలవంపులేమీ లేవనీ అందులో ఒకటి. ఇంత దూరం వచ్చాం, ఇంత ఖర్చుపెట్టాం అనే లెక్క మనకి ఎక్కువ కాబట్టి ఈ నియమం మనకే ముందు చెప్పాలి. ఒంటికి తగిలేలా ఉన్ని బనియను, మధ్యలో స్వెట్టరు, పైన గాలీవానా ఆపే కోటు. జీన్స్ తడిస్తే ఆరవు, కొండకి పనికిరావు. ఆపదలో అంబులెన్సుకి 113, పోలీసుకి 112, అగ్నిమాపకానికి 110.

మేలో వెళ్ళేవాళ్ళకి ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. మే 17 వాళ్ళ పెద్ద పండగ, 1814లో రాజ్యాంగం రాసుకున్న రోజు. ఓస్లోలో ఆరోజు బళ్ళలో చదివే పిల్లలు బ్యాండుమేళాలతో రాజుగారి మేడముందునుంచి ఊరేగుతారు. రాజుగారి కుటుంబం బాల్కనీలో గంటల తరబడి నిలబడి చేతులూపుతుంది. ఊరేగింపులో ఫిరంగులూ యుద్ధట్యాంకులూ ఉండవు. ఊళ్ళో పెద్దలందరూ తమ తమ ప్రాంతపు కుట్టుపనుల దుస్తులు, వెండి గుండీలు పెట్టుకుని బయటికొస్తారు, పిల్లలు అడిగినన్ని ఐస్‌క్రీములు తింటారు. వీలుంటే ఆ తేదీ కలిసొచ్చేలా ప్రయాణం పెట్టుకోండి. గదులు మాత్రం చాలా ముందుగా బుక్ చేసుకోవాలి, ఆరోజు దుకాణాలు కూడా మూసేస్తారు. పాలూ రొట్టే పదహారో తేదీనే కొని పెట్టుకోండి.